పైథాన్ సాకెట్: ఒకే మెషిన్‌లో సజావుగా నడుస్తుంది, రెండు మెషిన్ల మధ్య పెడితే పొడవు 740303473 అంటోంది

నీలిగీత అడిగిన ప్రశ్న:

పైథాన్ 3.11, లైనక్స్, బ్లాకింగ్ టీసీపీ సాకెట్. ప్రోటోకాల్ సొంతంగా రాసుకున్నదే. ముందు 4 బైట్లలో బిగ్ ఎండియన్ (పెద్ద విలువ బైటు ముందు) పొడవు, దాని వెనకే అన్ని బైట్ల జేసన్ (టెక్స్ట్ రూపంలో రాసిన డేటా). చదివే వైపు కోడ్ మూడు ముక్కలు: రెక్వ్(4) (సాకెట్‌లోంచి బైట్లు చదివే ఫంక్షన్) చేసి స్ట్రక్ట్ అన్‌ప్యాక్‌తో పొడవు తీస్తుంది, రెక్వ్(పొడవు) చేస్తుంది, వచ్చినదాన్ని జేసన్ లోడ్స్‌కి ఇస్తుంది. జేసన్ ఎర్రర్ వస్తే లాగ్‌లో రాసేసి లూప్‌లో తర్వాతి మెసేజ్‌కి పోతుంది.

రెండు ప్రోగ్రాములూ ఒకే మెషిన్‌లో ఉంటే రోజుల తరబడి ఒక్క ఎర్రర్ లేదు. వేరువేరు మెషిన్లలో పెడితే చిన్న మెసేజ్‌లు బాగానే వస్తాయి. 1400 బైట్లు దాటినవాటిలో కొన్ని మాత్రం విరిగిపోతాయి. అన్నీ కాదు, అదే చిక్కు. 6210 బైట్ల మెసేజ్ ఒకటే పదిసార్లు పంపితే ఏడుసార్లు సరిగ్గా, మూడుసార్లు "స్ట్రింగ్ ముగియలేదు" అన్న ఎర్రర్‌తో వస్తుంది. విరిగినప్పుడు చేతికి వచ్చిన బైట్ల సంఖ్య ప్రింట్ చేస్తే 1444, 2892, 4340. ఎప్పుడూ ఈ మూడింట్లో ఒకటి. ఆ వెంటనే వచ్చే పొడవు 740303473 లాంటి పిచ్చి సంఖ్య. సర్వీసుకి వర్చువల్ మెమరీ పరిమితి 512 ఎంబీ పెట్టి ఉంది, దాంతో అక్కడ మెమరీఎర్రర్ కూడా వస్తోంది.

ఇప్పటిదాకా చేసి చూసినవి: ఎస్ఓ_ఆర్‌సీవీబఫ్ (సాకెట్ రిసీవ్ బఫర్ సైజు) 1 ఎంబీకి పెంచితే ఏ తేడా లేదు. హెడర్ చదివాక 0.05 సెకను స్లీప్ పెడితే బాగా తగ్గింది కానీ పోలేదు. పంపే వైపు సెండ్ఆల్ (ఇచ్చిన బైట్లన్నీ పంపే ఫంక్షన్) వాడుతున్నాం. నెట్‌వర్క్ కార్డు మీద అనుమానపడాలా, డ్రైవర్ మీదా?

పొడిమాట జవాబు:

కార్డునీ డ్రైవర్నీ వదిలేయండి. మీరిచ్చిన నాలుగు సంఖ్యల్లోనే మొత్తం జవాబు ఉంది.

ముందు 1444, 2892, 4340 చూడండి. ఒక్కోదానికి 4 కలపండి: 1448, 2896, 4344. అంటే 1448కి ఒకటి, రెండు, మూడు రెట్లు. ఈథర్‌నెట్ ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1500లోంచి ఐపీ హెడర్ 20, టీసీపీ హెడర్ 20, టైమ్‌స్టాంప్ ఆప్షన్ 12 తీసేస్తే ఒక సెగ్మెంట్‌లో (టీసీపీ ఒక్కోసారి పంపే ముక్కలో) మిగిలేది సరిగ్గా 1448 బైట్లు. మీ పొడవు హెడర్ 4 బైట్లూ మొదటి రెక్వ్ తీసుకుపోయింది, మిగిలినది రెండో రెక్వ్‌కి దక్కింది. అంటే రెండో రెక్వ్ పిలిచిన క్షణానికి కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ అసలు భాగం) దగ్గర ఒకటో, రెండో, మూడో సెగ్మెంట్లు మాత్రమే ఉన్నాయి. ఉన్నంత ఇచ్చేసింది. పంపేవాళ్లు హెడర్, బాడీ కలిపి ఒకే సెండ్ఆల్‌లో పంపుతున్నారని కూడా దీన్నిబట్టే తెలుస్తోంది. విడివిడిగా పంపి ఉంటే ఆ 4 లోటు ఉండేది కాదు.

రెక్వ్‌కి ఇచ్చే సంఖ్య గరిష్ఠం, హామీ కాదు. బ్లాకింగ్ సాకెట్ అన్నా "కనీసం ఒక బైటైనా వచ్చేదాకా ఆగు" అనే అర్థం తప్ప "అడిగినన్ని వచ్చేదాకా ఆగు" అని కాదు. టీసీపీ కుళాయి లాంటిది. అవతల ఎన్ని చెంబులతో పోశారో ఇవతల పట్టేవాడికి తెలియదు.

ఇక 740303473. దీన్ని హెక్స్‌లో రాస్తే 2సీ 20 22 71. ఆస్కీలో చదివితే కామా, ఖాళీ, డబుల్ కోట్, చిన్న క్యూ. మీ జేసన్‌లో క్యూతో మొదలయ్యే కీ ఒకటి ఉండాలి, పరిమాణమో మరొకటో. సగం మెసేజ్ చదివి ఎర్రర్ రాగానే మీ లూప్ ముందుకు పోయి, మిగిలిన సగంలోంచి 4 బైట్లు లాగి అదే పొడవు అనుకుంది. పైథాన్ రెక్వ్ ముందుగానే అడిగినంత సైజు బైట్స్ ఆబ్జెక్ట్ కేటాయిస్తుంది కాబట్టి 74 కోట్ల బైట్లు అడిగేసరికి మీ 512 ఎంబీ పరిమితి తగిలి మెమరీఎర్రర్.

ఇది గుర్తుపెట్టుకుంటే ముందు ముందు పనికొస్తుంది: జేసన్ మధ్యలోంచి నాలుగు మామూలు ఆస్కీ అక్షరాలు పొడవుగా చదివితే వచ్చే సంఖ్య ఎప్పుడూ 538976288, 2122219134 మధ్యే ఉంటుంది. లాగ్‌లో ఆ మధ్య పొడవు కనబడితే హెక్స్‌లోకి మార్చి అక్షరాలుగా చదవండి. మెసేజ్‌లో ఎక్కడ తెగిందో అదే చెప్తుంది.

మీరు చేసి చూసినవి ఎందుకు పనిచేయలేదంటే: ఎస్ఓ_ఆర్‌సీవీబఫ్ కెర్నెల్ ఎంత దాచుకోగలదో చెప్తుంది, రెక్వ్ ఎంతసేపు ఆగాలో చెప్పదు. స్లీప్ వల్ల తగ్గింది, ఎందుకంటే ఆ 50 మిల్లీసెకన్లలో మిగిలిన సెగ్మెంట్లు మామూలుగా వచ్చేస్తాయి. కానీ ఒక్క ప్యాకెట్ పోయి టైమర్ మీద మళ్లీ పంపాల్సి వస్తే లైనక్స్‌లో దానికి కనీసం 200 మిల్లీసెకన్లు. మీ స్లీప్ అంతకుముందే అయిపోతుంది. ఒకే మెషిన్‌లో ఎందుకు రాలేదంటే లూప్‌బ్యాక్ (మెషిన్ లోపలే తిరిగే నెట్‌వర్క్ దారి) ఎంటీయూ 65536. మీ 6210 బైట్లు ఒక్క సెగ్మెంట్‌లోనే పట్టేస్తాయి.

సరైన చదువు ఇలా ఉండాలి. కోడ్ తెలుగులోనే రాస్తున్నా, చూసి టైప్ చేసుకోండి:

డెఫ్ పూర్తిగా_చదువు(సాకెట్, ఎన్):
    బఫ్ = బైట్అర్రే(ఎన్)
    వ్యూ = మెమరీవ్యూ(బఫ్)
    వచ్చినవి = 0
    వైల్ వచ్చినవి < ఎన్:
        కె = సాకెట్.రెక్వ్_ఇంటూ(వ్యూ[వచ్చినవి:])
        ఇఫ్ కె == 0:
            రైజ్ ఈఓఎఫ్ఎర్రర్("ఎన్‌లో ఎన్ని వచ్చాయో ఇక్కడ రాయండి")
        వచ్చినవి += కె
    రిటర్న్ బఫ్

హెడర్‌కీ ఇదే వాడాలి. "4 బైట్లే కదా, తెగవులే" అనుకోవద్దు. ముందు మెసేజ్ తోక, తర్వాతి హెడర్‌లో రెండు బైట్లు ఒకే సెగ్మెంట్‌లో రావడం చాలా మామూలు.

ఇంకో మూడు విషయాలు. ఒకటి, పొడవు చదవగానే పరిమితి చూడండి. మీ మెసేజ్‌లు ఎప్పుడూ 1 ఎంబీ దాటవంటే 1048576 కంటే ఎక్కువ వచ్చిన మరుక్షణం కనెక్షన్ మూసేయండి. ఇది లేకుండా పై లూప్ ఒక్కటే పెడితే, మరో కారణంతో వరస తప్పినప్పుడు మెమరీ పరిమితి లేనిచోట 74 కోట్ల బైట్ల కోసం నోరెత్తకుండా కూర్చుంటుంది. రెండు, ఫ్రేమ్ (హెడర్, బాడీ కలిపి ఒక మెసేజ్) మధ్యలో తేడా వస్తే లాగ్ రాసి ముందుకు పోవడం అనేదే ఉండకూడదు. వరస తప్పాక ఆ స్ట్రీమ్‌లో మళ్లీ దారి పట్టుకునే గుర్తు ఏదీ లేదు. మూడు, హెడర్‌లో ఒక్క బైటూ రాకముందే రెక్వ్ సున్నా బైట్లు ఇస్తే అవతలివాళ్లు మర్యాదగా మూసినట్టు. మధ్యలో సున్నా బైట్లు ఇస్తే అది ఎర్రర్. రెంటినీ ఒకే లాగ్ లైన్‌లో కలపకండి.

గట్టుపిట్ట జవాబు:

ఇంత లూప్ ఎందుకండీ? రెక్వ్‌కి రెండో ఆర్గ్యుమెంట్‌గా ఎంఎస్‌జీ_వెయిట్ఆల్ ఇస్తే అడిగినన్ని వచ్చేదాకా కెర్నెలే ఆగుతుంది. లైను మారదు, పని అయిపోతుంది.

మూడోకన్ను జవాబు:

@గట్టుపిట్ట, బ్లాకింగ్ సాకెట్ మీద అది నిజమే. కానీ రెండు చోట్ల హ్యాండిస్తుంది.

వెయిట్ఆల్ పెట్టినా కనెక్షన్ తెగినా, ఎర్రర్ వచ్చినా, సిగ్నల్ పడినా తక్కువ బైట్లతో తిరిగి రావచ్చు. కాబట్టి వచ్చిన సంఖ్య ఎలాగూ చూసుకోవాలి, అంటే లూప్ తప్పదు.

రెండోది ఇంకా పెద్దది. సెట్‌టైమ్అవుట్(5) అని ఎక్కడైనా పెట్టారనుకోండి. మీకు పైకి బ్లాకింగ్‌గా కనిపించినా, పైథాన్ లోపల ఆ సాకెట్‌ని నాన్‌బ్లాకింగ్‌లోకి (డేటా లేకపోయినా ఆగకుండా తిరిగొచ్చే రీతిలోకి) మార్చి, తను పోల్ చేసి (డేటా వచ్చిందా అని కెర్నెల్ని అడిగి), ఆ తర్వాత రెక్వ్ పిలుస్తుంది. నాన్‌బ్లాకింగ్ సాకెట్ మీద వెయిట్ఆల్ పనిచేయదు. ఉన్నంత ఇచ్చి వచ్చేస్తుంది. అంటే ఈరోజు బగ్ పోతుంది, ఆరు నెలల తర్వాత ఎవరో మంచికే టైమ్అవుట్ లైను చేరుస్తారు, అదే బగ్ తిరిగొస్తుంది. అప్పుడు వెయిట్ఆల్ ఉంది కదా అని అటువైపు ఎవరూ చూడరు.

టైమ్అవుట్ మాట వచ్చింది కనుక: అది ఒక్కో రెక్వ్‌కి, మొత్తం మెసేజ్‌కి కాదు. అవతలివైపు 4 సెకన్లకో బైటు పంపితే 5 సెకన్ల టైమ్అవుట్ ఎప్పటికీ పేలదు. మెసేజ్ మొత్తానికి గడువు కావాలంటే లూప్ మొదట్లో టైమ్ మోనోటానిక్ (ఎప్పుడూ వెనక్కి పోని గడియారం) తీసుకుని, ప్రతి రెక్వ్ ముందు మిగిలిన సమయాన్ని సెట్‌టైమ్అవుట్‌కి ఇవ్వాలి. సెండ్ఆల్ తీరు వేరు. పైథాన్ 3.5 నుంచి దాని టైమ్అవుట్ మొత్తం పంపకానికి వర్తిస్తుంది. ఒకే సాకెట్, ఒకే సెట్టింగ్, రెండు అర్థాలు.

ఫ్రేమ్ మధ్యలో టైమ్అవుట్ పేలితే, పొడిమాట గారి ఫంక్షన్‌లో అప్పటిదాకా చదివిన బైట్లు బఫ్‌తోపాటు పోతాయి. ఆ ఎర్రర్‌ని పట్టుకుని మళ్లీ చదివితే వరస తప్పినట్టే. టైమ్అవుట్ వస్తే కనెక్షన్ మూసేయండి, లేదా బఫర్‌ని కనెక్షన్ ఆబ్జెక్ట్‌లో దాచుకోండి.

నీలిగీత తిరిగి రాసినది:

740303473 గురించి చెప్పింది అక్షరాలా నిజం. జేసన్‌లో పరిమాణం కీ క్యూతోనే మొదలవుతుంది. పరిమితి చెక్ పెట్టాం, ఎర్రర్‌కి కనెక్షన్ మూస్తున్నాం. విరగడం పూర్తిగా పోయింది.

అయితే లూప్ బదులు మేక్‌ఫైల్('ఆర్‌బీ') (సాకెట్‌ని ఫైల్‌లా చదవనిచ్చేది) తీసుకుని రీడ్(4), రీడ్(పొడవు) వాడాను, అది పూర్తిగా వచ్చేదాకా ఆగుతుంది కదా అని. చాలా కనెక్షన్లు ఉన్నాయి కాబట్టి సెలెక్ట్ (ఏ కనెక్షన్‌లో డేటా వచ్చిందో చెప్పే కాల్) పెట్టి, ఏది రెడీ అంటే దానిమీద ఒక మెసేజ్ చదువుతున్నాం. ఇప్పుడు కొత్త చిక్కు: అప్పుడప్పుడు ఒక మెసేజ్ ఆలస్యంగా వస్తోంది. ఎంత ఆలస్యమంటే, అదే కనెక్షన్ మీద తర్వాతి మెసేజ్ వచ్చేదాకా. టీసీపీడంప్‌లో (ప్యాకెట్లు చూపించే టూల్) చూస్తే డేటా సమయానికే వచ్చి, ఏసీకే (అందిందన్న జవాబు) కూడా వెళ్లింది. ఎస్ఎస్ -టీఎన్ (సాకెట్ల స్థితి చూపే కమాండ్) కొడితే ఆ కనెక్షన్‌కి రెక్వ్-క్యూ (కెర్నెల్ దగ్గర చదవకుండా మిగిలిన బైట్లు) సున్నా. ప్రోగ్రాము సెలెక్ట్‌లో కూర్చుని ఉంది. వచ్చిన డేటా ఎక్కడికి పోయినట్టు?

పొడిమాట జవాబు:

ఎస్ఎస్ చూడటం మంచి పని. ఈ రకం బగ్‌లో నేనైతే మొదట చూసేది అదే. రెక్వ్-క్యూ సున్నా కాకుండా అలాగే ఉంటే డేటా కెర్నెల్‌లో ఉంది, ప్రోగ్రాము చదవట్లేదు. సున్నా అయితే ఇంకా రాలేదు, లేదా ప్రోగ్రాము ఇప్పటికే తీసేసుకుంది. వచ్చిందని టీసీపీడంప్ చెప్తోంది కాబట్టి మీది రెండోది. మీ ప్రోగ్రాము పొట్టలోనే ఉంది.

మేక్‌ఫైల్ ఇచ్చేది బఫర్డ్‌రీడర్. 3.11లో దాని బఫర్ 8192 బైట్లు. రీడ్(4) అన్నారంటే అది 4 అడగదు, కెర్నెల్ని 8192 అడుగుతుంది. ఎస్ట్రేస్ (ప్రోగ్రాము కెర్నెల్ని ఏం అడుగుతోందో చూపే టూల్) తగిలించి చూడండి: ఎస్ట్రేస్ -ఎఫ్ -ఇ ట్రేస్=రెక్వ్‌ఫ్రమ్,సెలెక్ట్ -ఎక్స్ -పీ, ఆ తర్వాత ప్రాసెస్ ఐడీ. సెలెక్ట్ పేరు ఆ మెషిన్‌లో పీసెలెక్ట్6 అని కనబడితే అదీ చేర్చండి. రెక్వ్‌ఫ్రమ్ 8192 అడిగి 4512 తెచ్చుకున్నట్టు ఏదో లైను కనబడుతుంది. అందులో మొదటి మెసేజ్ 4 ప్లస్ 3100, రెండోది 4 ప్లస్ 1404 అనుకోండి. రెండూ బఫర్లోకి వచ్చేశాయి. మీరు ఒకటి తీసుకుని సెలెక్ట్‌కి వెళ్లారు. సెలెక్ట్ అడిగేది కెర్నెల్ని, కెర్నెల్ దగ్గర ఏమీ లేదు. రెండోది బఫర్లో అలాగే పడుంటుంది, మూడో మెసేజ్ వచ్చి తట్టి లేపేదాకా.

దానికితోడు, రెండు వేరే గుంటలు కూడా అక్కడే ఉన్నాయి. సెలెక్ట్ "రెడీ" అన్నది ఒక్క బైటుకే కావచ్చు. అప్పుడు రీడ్(పొడవు) మిగతాది వచ్చేదాకా ఆగిపోతే మిగిలిన కనెక్షన్లన్నీ దాని వెనకే వరస కడతాయి. ఇక మేక్‌ఫైల్ వాడే సాకెట్‌కి టైమ్అవుట్ పెట్టి అది ఒక్కసారి పేలిందంటే ఆ ఫైల్ ఆబ్జెక్ట్ ఇక పనికిరాదు. తర్వాత రీడ్ అంటే "టైమ్అవుట్ అయిన ఆబ్జెక్ట్‌లోంచి చదవలేను" అని ఓఎస్ఎర్రర్ ఇస్తుంది.

సెలెక్ట్ ఉన్నచోట మేక్‌ఫైల్ తీసేయండి. సాకెట్‌ని నాన్‌బ్లాకింగ్ చేసి, కనెక్షన్‌కో బైట్అర్రే పెట్టుకోండి. రెడీ అనగానే రెక్వ్(65536) ఒక్కసారి పిలిచి, వచ్చింది ఆ బైట్అర్రే చివర కలపండి. బ్లాకింగ్‌ఐఓఎర్రర్ వస్తే ఏమీ చేయకుండా సెలెక్ట్‌కి తిరిగి పోవడమే. ఖాళీ బైట్స్ వస్తే అవతల మూశారు. ఆ తర్వాత వైల్ లూప్: బఫర్లో 4 ఉన్నాయా, పొడవు తీయి, పరిమితి చూడు, 4 ప్లస్ పొడవు అంత ఉందా, ఉంటే మెసేజ్ కోసి ఇచ్చి ముందు భాగం తీసేయి, మళ్లీ చూడు. లేకపోతే బయటికి. ఇఫ్ కాదు, వైల్. ఇక్కడ ఇఫ్ రాస్తే ఇప్పుడు పడుతున్న బాధే మళ్లీ పడతారు, ఈసారి మీ సొంత బఫర్తో.

ముందు భాగం తీసేయడం ఖరీదని భయపడక్కర్లేదు, బైట్అర్రేలో సీపైథాన్ 3.4 నుంచి అది చవకే. దానిమీద మెమరీవ్యూ తెరిచి ఉంచితే మాత్రం బఫర్ఎర్రర్ వస్తుంది, సైజు మార్చనివ్వదు.

రేపు దీనిమీద టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్ పొర) వేస్తే ఇదే కథ ఒక అంతస్తు కింద జరుగుతుంది. టీఎల్ఎస్ రికార్డు 16384 బైట్ల దాకా ఉండొచ్చు. మీరు 4096 అడిగితే మిగిలినది డీక్రిప్ట్ అయి ఎస్ఎస్ఎల్ ఆబ్జెక్ట్ లోపల ఉంటుంది, సెలెక్ట్‌కి కనబడదు. అక్కడ పెండింగ్() సున్నా అయ్యేదాకా చదివాకే సెలెక్ట్‌కి వెళ్లాలి.

గట్టుపిట్ట జవాబు:

వెయిట్ఆల్ మాట వెనక్కి తీసుకుంటున్నా, టైమ్అవుట్ సంగతి నాకు తట్టలేదు.

సెలెక్ట్ తలనొప్పి వద్దనుకుంటే అసింక్‌ఐఓ స్ట్రీమ్‌రీడర్‌లో రీడ్ఎగ్జాక్ట్‌లీ ఉంది. మధ్యలో తెగితే ఇన్‌కంప్లీట్‌రీడ్ఎర్రర్ ఇస్తుంది, వచ్చినంతవరకు దాని పార్షియల్‌లో దొరుకుతుంది. అవతలివైపు వేరే భాషలో ఉంటే అక్కడా ఇదే చూసుకోండి: జావాలో రీడ్‌ఫుల్లీ, గోలో ఐఓ రీడ్‌ఫుల్, రస్ట్‌లో రీడ్_ఎగ్జాక్ట్. వట్టి రీడ్ అని రాసి ఉంటే ఇదే బగ్ అక్కడా దాగి ఉన్నట్టు లెక్క.

మూడోకన్ను జవాబు:

టెస్టు గురించి ఎవరూ అనలేదు. రెండు మెషిన్లు అక్కర్లేదు, నెట్‌వర్కే అక్కర్లేదు. ఫ్రేమ్ కోసే భాగాన్ని సాకెట్‌తో సంబంధం లేని క్లాసుగా విడదీయండి. బైట్లు ఇస్తే మెసేజ్‌ల లిస్టు ఇవ్వాలి, అంతే. తర్వాత మూడు మెసేజ్‌లు ఒకదాని వెనక ఒకటి అతికించి, మొత్తం 100 బైట్లనుకోండి, ఒకటి నుంచి 99 దాకా ప్రతి చోటా రెండుగా తెంపి ఇవ్వండి. ఆ తర్వాత ఒక్కో బైటుగా ఇవ్వండి. ఆ తర్వాత మొత్తం ఒకేసారి ఇవ్వండి. అన్నిసార్లూ అవే మూడు మెసేజ్‌లు రావాలి. సెకను కూడా పట్టదు, పైన మాట్లాడుకున్న బగ్‌లలో చాలావరకు దొరికిపోతాయి.

ఆ మూడింట్లో ఒకటి పొడవు సున్నా ఉన్న మెసేజ్ కానివ్వండి. రెక్వ్(0) ఎప్పుడూ ఖాళీ బైట్సే ఇస్తుంది. పాత కోడ్‌లాగా రెక్వ్(పొడవు) రాసి, ఖాళీ వచ్చిందా అని చూసే కోడ్ దాన్ని "అవతల మూశారు" అనుకుంటుంది. హార్ట్‌బీట్‌కి (కనెక్షన్ బతికే ఉందని చెప్పడానికి) ఖాళీ మెసేజ్ వాడేచోట ఇది తరచూ కొరుకుతుంది.

ఇంకొకటి తెలుగు అక్షరాలున్న మెసేజ్ పెట్టండి. ఇది పంపే వైపు బగ్ కోసం. జేసన్ డంప్స్ మామూలుగా తెలుగు అక్షరాన్ని బ్యాక్‌స్లాష్ యూ రూపంలో 6 ఆస్కీ బైట్లుగా రాస్తుంది. కాబట్టి ఎవరైనా పొడవుని ఎన్‌కోడ్ చేయకముందు స్ట్రింగ్ మీద లెక్కపెట్టినా సరిపోతుంది, బగ్ పైకి రాదు. సైజు తగ్గుతుందని ఎన్ష్యూర్_ఆస్కీ ఫాల్స్ చేసిన రోజు బయటపడుతుంది. "తెలుగు" అన్న మాట పైథాన్ లెక్కలో 6, యూటీఎఫ్-8 బైట్లలో 18. రెండు కోట్‌లతో కలిపి పంపితే హెడర్ 8 అంటుంది, వైరు మీదకి 20 వెళ్తాయి. చదివేవాడు 8 బైట్లు తీసుకుంటాడు: కోటు, త, ఎత్వం, ఇక ల అక్షరంలో మొదటి బైటు. అక్కడ యూనికోడ్‌డీకోడ్ఎర్రర్. లూప్ ఆగకుండా ముందుకు పోతే తర్వాతి హెడర్ బీ0 బీ2 ఈ0 బీ1, అంటే పొడవు 2964512945. పొడిమాట గారు చెప్పిన ఆస్కీ హద్దు దాటి ఉంది చూశారా. లాగ్‌లో పొడవు 214 కోట్ల పైన కనబడితే తెగింది ఆస్కీ కాని అక్షరం దగ్గర. అప్పుడు చదివే కోడ్ కంటే ముందు పంపే కోడ్‌లో లెన్ దేనిమీద పిలిచారో చూడండి.